ఇంటి తాళం సరే... కెమెరా తాళం ఎవరి దగ్గరుంది?

‘‘బిడ్డా, ఇది తల తిప్పింది.’’

మా అత్తమ్మ ఈ మాట అన్నప్పుడు నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. రాత్రి పదిన్నర దాటింది. జల్‌పల్లిలో మా ఇంటి మీదుగా శంషాబాద్ విమానాలు పోతూనే ఉంటాయి. ఆ చప్పుడులో సగం మాటలు వినపడవు. ‘‘ఏందత్తమ్మా?’’ అంటూ హాల్లోకి వచ్చాను. ఆవిడ చాప మీద కూర్చుని పొద్దుటికి బియ్యం ఏరుతోంది. చేతులు చేటలో ఉన్నాయి, కళ్ళు మాత్రం గోడకున్న కెమెరా మీదున్నాయి.

‘‘ఫ్యాన్ గాలికి కదిలిందేమోలే’’ అన్నాను నవ్వుతూ. అంతలోనే అది మళ్ళీ తిరిగింది. మెల్లగా, చిన్న మోటారు చప్పుడుతో, తలుపు వైపు నుంచి చాప వైపు, చాప వైపు నుంచి నేను నిలబడ్డ చోటికి వచ్చి ఆగింది.

మావారే అనుకున్నాను. ఆయనది విమానాశ్రయం దగ్గర సరుకుల గోదాములో నైట్ డ్యూటీ. తీరిక దొరికినప్పుడు ఫోన్‌లో ఇల్లు చూసుకోవడం, కెమెరాను అటూ ఇటూ తిప్పడం మామూలే. ఫోన్ చేశాను, ఎత్తలేదు. అరగంట తర్వాత ఆయనే చేశారు. ‘‘లోపలికి పోయేటప్పుడు ఫోన్ లాకర్లో పెట్టాలి కదా, ఇప్పుడే తీశాను’’ అన్నారు.

మరైతే తిప్పిందెవరు?

అత్తమ్మ ఇంకేం అడగలేదు. లేచి, దండెం మీదున్న తువ్వాలు తీసి కెమెరా మీద కప్పింది. నేను వెళ్ళి ప్లగ్ పీకేశాను. ఆ రాత్రి ఇద్దరం మా పాప పక్కనే పడుకున్నాం. నిద్ర మాత్రం ఇద్దరికీ లేదు. తెల్లవారుజామున గోడ వైపు తిరిగి అత్తమ్మ మెల్లగా అంది.

‘‘రెండేండ్ల సంది నేను చీర హాల్లనే మార్చుకుంటున్న బిడ్డా.’’

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం కూడా ఆ ఒక్క మాటే.

మా ఇంటికి మేమే చుట్టాలం!

అసలా కెమెరా ఎందుకొచ్చిందో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డారు. నేను బడికి వెళ్ళిపోతాను, మావారు రాత్రిళ్ళు ఉండరు. ఇంట్లో ఉండేది పెద్దావిడ, తొమ్మిదేళ్ళ పిల్ల. ‘కెమెరా ఉంటే ధైర్యం’ అనుకున్నాం. దుకాణం నుంచి ఒక కుర్రాడొచ్చి ఇరవై నిమిషాల్లో బిగించేశాడు. ‘‘టెస్టింగ్ కోసం ముందు నా ఫోన్‌లో ఎక్కిస్తా సార్, తర్వాత మీకు పంపిస్తా’’ అన్నాడు. అలాగే మావారి ఫోన్‌లోకి పంపించాడు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అందరం సంబరపడ్డాం. నేనేం చేశానంటారా? ఆ అబ్బాయికి టీ పెట్టిచ్చాను. పాస్‌వర్డ్ ఏమిటని మాత్రం అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అదంతా మగవాళ్ళ వ్యవహారం కదా అనుకున్నాను!

మర్నాడు గచ్చిబౌలిలో కంప్యూటర్ నెట్‌వర్కుల పని చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు చెప్పినట్టు మావారి ఫోన్‌లో ఆ కెమెరా యాప్ తెరిచి చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కెమెరా యజమాని అన్న చోట ఉన్నది మా పేరు కాదు. అది ఆ కుర్రాడి ఈమెయిల్! మావారి పేరు కింద ‘షేర్ చేసినవారు’ అన్న జాబితాలో ఉంది. అంటే రెండేళ్ళుగా మా హాలును చూసే హక్కు అతనిది, మాకు అతను దయతో చూడనిస్తున్నాడన్నమాట! మా ఇంటికి మేమే చుట్టాలం.

దుకాణానికి పరుగెత్తాం. ఆ కుర్రాడు పని మానేసి ఏడాది దాటిందట. పాత ఫోన్ ఎవరికో అమ్మేశాడట. ఆ ఫోన్‌లో ఈ యాప్ అలాగే ఉండిపోయిందో, అతని పాస్‌వర్డ్ ఇంకెవరికైనా దొరికిందో ఎవరికి తెలుసు? ఆ రాత్రి కెమెరా తిప్పిందెవరో ఇవాళ్టికీ మాకు తేలలేదు. తేలకపోవడానికి మా తొందరపాటు కూడా కారణమే. భయంతో, కోపంతో కెమెరా వెనకాల ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి మొత్తం చెరిపేశాం. దాంతో ఎవరెవరి పేర్లున్నాయో, ఎప్పుడెప్పుడు చూశారో చెప్పే ఆధారాలు కూడా పోయాయి. ముందు ఆ తెరను ఫొటో తీసుకుని ఉంటే పోలీసులకు చూపించడానికి ఒక కాగితమైనా మిగిలేది.

‘‘అక్కా, నువ్వు తలుపుకి తాళం వేసి చెవి బిగించినోడి జేబులోనే వదిలేశావు’’ అన్నాడు తమ్ముడు. అంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

హ్యాకర్లంటే మాయగాళ్ళు కారు

సినిమాల్లో హ్యాకర్ చీకటి గదిలో కూర్చుని టకటకా మీటలు నొక్కేస్తాడు, ప్రపంచంలో తాళాలన్నీ ఊడిపోతాయి. నిజానికి ఎక్కువమంది అంత కష్టం పడరు. మనం తీసి ఉంచిన తలుపుల్ని వెతుక్కుంటారంతే.

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ సంగతి గుర్తుందా? అక్కడి ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆడవాళ్ళను పరీక్షించే గది కెమెరా దృశ్యాలు యూట్యూబ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ బయటపడ్డాయి. డబ్బులకు అమ్మారు కూడా. పోలీసులు తవ్వుకుంటూ పోతే దేశంలో చాలాచోట్ల ఇలాంటి కెమెరాల్లోకి చొరబడ్డ ముఠా దొరికింది. ఆ ఆసుపత్రి కెమెరాల పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’ అని తర్వాత పత్రికల్లో వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చలేదు. ఎన్ని వందల మంది తల్లులు ఆ గదిలోకి నమ్మకంతో వెళ్ళి ఉంటారో ఆలోచించండి.

అదే ఏడాది నవంబరు చివర్లో దక్షిణ కొరియా పోలీసులు నలుగురిని పట్టుకున్నట్టు ప్రకటించారు. ఇళ్ళలో, దుకాణాల్లో, ఒక స్త్రీల వైద్యశాలలో ఉన్నవన్నీ కలిపి 1,20,000కు పైగా కెమెరాల్లోకి దూరారని వాళ్ళ మీద అభియోగం. అక్కడా అదే కథ, తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డులు.

‘మిరాయ్’ అన్నది ఈ మధ్య సినిమా పేరుగా విన్నాం కానీ, కంప్యూటర్ల వాళ్ళకి ఆ పేరు 2016 నుంచీ తెలుసు. అదొక చెడ్డ ప్రోగ్రామ్. తయారీదారులు పెట్టే పాస్‌వర్డులు 60కి పైగా దాని దగ్గర జాబితాగా ఉండేవి. ఇంటర్నెట్‌లో ఊరంతా తిరుగుతూ ఒక్కొక్క కెమెరాకీ రూటర్‌కీ ఆ చెవులు పెట్టి చూసేది. తెరుచుకున్నవాటిని తన సైన్యంలో చేర్చుకునేది. 2016 అక్టోబరు 21న అలాంటి సైన్యంతో అమెరికాలోని ఒక ఇంటర్నెట్ సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ ప్రోగ్రామ్ తయారుచేసిన ముగ్గురు కుర్రాళ్ళు 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఎవరింట్లోనో పసిపాప ఉయ్యాల మీదున్న కెమెరా ఇంకెవరి కొంపో కూల్చడానికి పనికొచ్చిందంటే నమ్ముతారా? ఆ ఇంటివాళ్ళకు సంగతే తెలియదు.

2019 డిసెంబరులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక తల్లి తన ఆడపిల్లల గదిలో కెమెరా పెట్టించుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే ఎనిమిదేళ్ళ పాపతో ఎవరో మగమనిషి ఆ కెమెరాలోంచి మాట్లాడాడు. ‘నేను శాంటాక్లాజ్‌ని’ అన్నాడట! ఇలాంటి ఘటనల్లో చాలావాటికి కారణం ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడటం. ఎక్కడో ఒక షాపింగ్ సైటు నుంచి మన పాస్‌వర్డ్ బయటికి పోతుంది. దొంగ దాన్నే తెచ్చి మన కెమెరాకి పెట్టి చూస్తాడు.

మన దగ్గర మాత్రం తక్కువా? తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ మనలో చాలామంది ఆపదకు పనికొస్తుందని ఫోన్‌లో పెట్టుకున్నదే. 2024 జూన్‌లో ఆ యాప్ సమాచారాన్ని దొంగిలించి అమ్మకానికి పెట్టాడని ఒక విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. పోలీసుల యాప్‌కే తప్పని బెడద మన హాల్లో కెమెరాకి తప్పుతుందా?

ఒక ఆదివారం పని

ఇక మేమేం చేశామో చెబుతాను. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే నేనే చేశాను. ఆవకాయ పెట్టినంత శ్రమ కూడా పడలేదు.

ముందు రూటర్. ఇంటర్నెట్‌వాళ్ళు బిగించి పోయే, నాలుగు దీపాలు మిణుకుమనే డబ్బా ఉంటుంది చూడండి, అదే. ఇంట్లో టీవీ, ఫోన్లు, కెమెరా అన్నీ దాని గుండానే బయటికి పోతాయి. అంటే అది మన ప్రహరీ గేటు. దానికి రెండు తాళాలుంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డ్, మనందరికీ తెలిసింది. రెండోది ఆ డబ్బా సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్. ఇది చాలా ఇళ్ళల్లో ‘అడ్మిన్’ అనే ఉంటుంది. మాదీ అంతే! రెండూ మార్చాను. వైఫై పేరులో మా ఇంటిపేరు, ఇంటి నంబరు ఉండేవి, అవి తీసేశాను. రక్షణ అన్న చోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలట, చూసి పెట్టాను. బయటి ఊళ్ళ నుంచి రూటర్‌ను మార్చే వీలు, దాన్ని రిమోట్ మేనేజ్‌మెంట్ అంటారు, దాన్ని ఆపేశాను.

రూటర్లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అని ఒకటుంటుంది. ఇల్లంతా చూపించకుండా వచ్చినవాళ్ళను వరండాలో కూర్చోబెట్టినట్టన్నమాట. కెమెరా, టీవీ, మాట్లాడే స్పీకరు అన్నీ అందులో పెట్టాను. బ్యాంకు పనులు చేసే ఫోన్లు మాత్రం లోపలి నెట్‌వర్కులో ఉంచాను. రేపు టీవీలోకి ఎవరైనా దూరినా వరండాలోనే ఆగిపోవాలి, వంటింట్లోకి రాకూడదు!

తర్వాత కెమెరా. మొత్తం చెరిపేశాం కనుక, ఈసారి నా ఈమెయిల్‌తో, నా ఫోన్ నుంచి మొదటి నుంచీ నమోదు చేశాను. మావారికి నేను షేర్ చేశాను! రెండంచెల తాళం కూడా పెట్టాను. అంటే పాస్‌వర్డ్ తెలిసినా నా ఫోన్‌కు వచ్చే అంకెలు చెబితే తప్ప తెరుచుకోదు. ఆ అంకెలు ఎవరడిగినా, కంపెనీవాళ్ళమని చెప్పినా ఇవ్వకూడదు. యాప్‌లో ‘అప్‌డేట్’ అని ఎన్నాళ్ళుగానో ఎర్రచుక్క కనిపిస్తోంది. మేం పట్టించుకోలేదు. అది కొత్త హంగుల కోసం కాదు, పాత చిల్లులు పూడ్చడానికట. పూడ్చాను.

ఇక పాస్‌వర్డ్. పాప పేరు, పుట్టినరోజు, బండి నంబరు పెడితే సగం బస్తీకి తెలిసిపోతుంది. ఒకదానికొకటి పొత్తులేని నాలుగు మాటలు కలిపి పెట్టమన్నాడు తమ్ముడు. ‘పచ్చిపులుసు, విమానం, గొడుగు, బీరకాయ’ అన్నట్టు. (ఇది నాది కాదులెండి!) ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే బారెడు పొడుగవుతుంది. పొడుగే దాని బలం. ఒక్కో వస్తువుకీ ఒక్కో పాస్‌వర్డ్ ఉండాలి. గుర్తుండదంటారా? పుస్తకంలో రాసి బీరువాలో దాచుకోండి. మీ బీరువా తెరిచే దొంగకన్నా, ఒకే పాస్‌వర్డ్‌తో పది తలుపులు తెరిచే దొంగతోనే మనకు ఎక్కువ భయం.

కెమెరా ఒక్కటే కాదు. మాటలు వినే టీవీలు, స్పీకర్లు, పిల్లల గడియారాలు, మాట్లాడే బొమ్మలు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఇంటర్నెట్‌తో మాట్లాడే ‘కేలా’ అనే బొమ్మను జర్మనీ ప్రభుత్వం 2017లో నిషేధించింది. పిల్లల మాటలు బయటివాళ్ళు వినే వీలుందని అక్కడి అధికారులు దాన్ని రహస్యంగా నిఘా వేసే పరికరంగానే లెక్కేశారు. మా టీవీలో మైకు నేనెప్పుడూ వాడను, ఆపేశాను.

చూసేవాడు దొంగే కానక్కర్లేదు

ఈ గొడవలో ఇంకో సంగతి కూడా బయటపడింది. అత్తమ్మ చీర మాట మావారితో చెప్పినప్పుడు ఆయన చాలాసేపు తలెత్తలేదు. ‘‘నేను కూడా చూస్తూనే ఉన్నా కదా... ఎప్పుడైనా అమ్మ అలా కనపడితే వెంటనే మూసేసేవాణ్ణి. అసలు హాల్లో పెట్టకూడదని మాత్రం తోచలేదు’’ అన్నారు.

నాకూ గుర్తొచ్చింది. ‘ఇంకా పడుకోలేదేం?’, ‘ఇందాక వచ్చిందెవరు?’ అంటూ ఆయన డ్యూటీ నుంచి చేసే ఫోన్లు. ప్రేమతోనే అడిగేవారు. కానీ మన ఇంట్లో మనం కాళ్ళు చాపుకుని కూర్చోవాలన్నా ఎవరో చూస్తున్నారన్న బెరుకు ఉంటే అదేం ఇల్లు? ఇప్పుడు చాలా ఇళ్ళల్లో అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న కొడుకులు అమ్మానాన్నల క్షేమం కోసమని హాల్లో కెమెరాలు పెట్టిస్తున్నారు. మంచిదే. కానీ ఆ పెద్దవాళ్ళను అడిగారా? పనికొచ్చే అమ్మాయికి చెప్పారా? ఏది కనిపిస్తుందో, ఎవరు చూస్తారో, ఎలా ఆపాలో వాళ్ళకు తెలుసా?

మా ఇంట్లో ఇప్పుడు కెమెరా హాల్లో లేదు. గుమ్మం బయట గేటు వైపు తిరిగి ఉంది. దొంగ వచ్చేది అటునుంచే కదా! దాని స్విచ్చు అత్తమ్మ చేతికందే ఎత్తులో పెట్టించాం.

కొనేముందు, జరిగాక...

మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రత పరీక్షలు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో నిబంధనలు ప్రకటించింది. అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకొచ్చాయి. కాబట్టి దుకాణంలో ‘ఎస్టీక్యూసీ పరీక్ష అయిందా?’ అని అడగండి. ‘ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు?’ అని కూడా అడగండి. పేరూ ఊరూ లేని చవక కెమెరాకి ఈ రెండు ప్రశ్నలకూ జవాబుండదు. అందరి వస్తువులకీ ఒకే తేలిక పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతోనే ఆపేసింది.

ఒకవేళ జరగరానిది జరిగితే సిగ్గుపడి దాచుకోకండి. తప్పు చూసినవాడిది, మనది కాదు. సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ కింద ఒకరి ఆంతరంగిక దృశ్యాలను వాళ్ళ అనుమతి లేకుండా తీసినా, పంపినా మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆడవాళ్ళను చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా శిక్ష పడుతుంది.

ఇవి మరవకండి

• కెమెరా బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మొదటి నమోదు మీ ఫోన్‌లో, మీ ఈమెయిల్‌తోనే జరగాలి. టీ తర్వాత పెట్టొచ్చు!

• పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చండి.

• నెలకోసారి యాప్ తెరిచి ‘షేర్’ జాబితా చూడండి. తెలియని పేరుంటే తీసేయండి.

• పడకగదిలో, స్నానాలగది దారిలో, బట్టలు మార్చుకునే చోట కెమెరా వద్దేవద్దు.

• పాత ఫోన్, కెమెరా, రూటర్ ఎవరికైనా ఇచ్చేముందు అన్నీ చెరిపేయండి. అద్దె ఇంట్లోకి కొత్తగా వెళితే పాతవాళ్ళు వదిలిన వస్తువుల్ని మొదట రీసెట్ చేయండి.

• అనుమానం వస్తే ముందు కెమెరా కప్పేయండి. యాప్ తెరలన్నీ ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాతే చెరపండి.

• ఫిర్యాదుకు 1930 నంబరు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్నాయి. దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోనూ, షీ టీమ్స్‌కూ చెప్పవచ్చు.

మొన్న అంతా అయ్యాక అత్తమ్మ అడిగింది. ‘‘మరి దాని చెవి ఇప్పుడు ఎవరితాన ఉంది?’’

‘‘నా దగ్గరే ఉందత్తమ్మా’’ అన్నాను తల మీద వేలు పెట్టి చూపిస్తూ.

‘‘నువ్వు మర్చిపోతే?’’

‘‘రాసి బీరువాల పెట్టిన.’’

ఆవిడ బొడ్లోంచి తాళాలగుత్తి తీసి అందులో బీరువా చెవిని తడిమి చూసుకుంది. ‘‘గట్లనైతే నాతాన ఉన్నట్టే’’ అని, గుత్తి మళ్ళీ బొడ్లో దోపుకుని బియ్యం చేట ముందుకు లాక్కుంది.